మెదడు మీద పరిశోధనకు ఏ డిగ్రీ చదవాలి?

ప్రశ్న: గణితం, జీవశాస్త్రం రెండూ ఇష్టంగా చదువుతున్నాను. త్వరలో డిగ్రీలో చేరాలి. కంప్యుటేషనల్ న్యూరోసైన్స్, అంటే గణితం, కంప్యూటర్ నమూనాలతో మెదడు పనితీరును పరిశోధించే శాస్త్రం, చదవాలని ఉంది. ఆ పేరున్న డిగ్రీలోనే చేరాలా? కంప్యూటర్ సైన్స్ తీసుకుంటే ఉద్యోగానికి ఢోకా ఉండదని ఇంట్లో వాళ్లు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: డిగ్రీ స్థాయిలో ఈ పేరు కోసం వెతుకుతూ కూర్చోకండి. ఆ పేరుతో బ్యాచిలర్ కోర్సు నడిపే విశ్వవిద్యాలయాలు చాలా తక్కువ. ఎక్కువ మంది మాస్టర్స్‌లోనో పీహెచ్‌డీలోనో ఈ రంగంలోకి వస్తారు. అంతకుముందు చదివింది భౌతికశాస్త్రమో, గణితమో, ఇంజినీరింగో, జీవశాస్త్రమో, మనస్తత్వశాస్త్రమో కావచ్చు. కాబట్టి మీ కోరికకూ ఇంట్లో వాళ్ల మాటకూ పేచీ లేదు. కంప్యూటర్ సైన్స్‌లో నిశ్చింతగా చేరవచ్చు. గణితాన్ని మాత్రం పరీక్ష గట్టెక్కేందుకు చదివి వదిలేయకూడదు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 1952లో అలన్ హాడ్జ్‌కిన్, ఆండ్రూ హక్స్‌లీ స్క్విడ్ అనే సముద్రజీవి నాడీతంతువుపై తాము చేసిన ప్రయోగాల ఆధారంగా, నాడీ సంకేతం ఎలా పుడుతుందో నాలుగు అవకలన సమీకరణాల్లో వివరించారు. నాడీకణం పొరలో సోడియం, పొటాషియం అయాన్లు దాటే దారులను అయాన్ చానెళ్లు అంటారు. ఒక్కో చానెల్‌లో పారే కరెంటును శాస్త్రవేత్తలు నేరుగా కొలవగలిగింది 1976లో. అంటే ఆ దారులు తెరుచుకునే తీరును లెక్క అంత ముందుగానే పట్టిచ్చింది. 1963లో హాడ్జ్‌కిన్, హక్స్‌లీలకు నోబెల్ వచ్చింది. ఆ సమీకరణాలను చదివి అర్థం చేసుకోగలిగితే జీవశాస్త్రంలోని తక్కిన విషయాలను మాస్టర్స్‌లో చేరాక కూడా అందుకోవచ్చు. గణితాన్ని అంత ఆలస్యంగా మొదలుపెట్టి నిలదొక్కుకోవడం కష్టం. లీనియర్ ఆల్జీబ్రా, అవకలన సమీకరణాలు, సంభావ్యత, గణాంకశాస్త్రం: ఏ డిగ్రీలో చేరినా ఈ నాలుగింటినీ వదలకండి.

చేరకముందే మీ ఆసక్తిని పరీక్షించుకునే పని ఒకటి చెబుతాను. పైథాన్‌లో ఒక న్యూరాన్ (నాడీకణం) నమూనా రాయండి. దీని మూలం 1907 నాటి లూయీ లాపిక్ ఆలోచన. చిల్లుకుండలో నీళ్లు పోసినట్టు న్యూరాన్‌లోకి కరెంటు వస్తుంటుంది, కొంత కారిపోతుంటుంది. విశ్రాంతి వోల్టేజీ మైనస్ 65 మిల్లీవోల్టులు, స్పైక్ (న్యూరాన్ పంపే క్షణికమైన విద్యుత్ సంకేతం) పుట్టే హద్దు మైనస్ 50, వోల్టేజీ ఎంత త్వరగా మారుతుందో చెప్పే కాలస్థిరాంకం 20 మిల్లీసెకన్లు అనుకోండి. స్పైక్ రాగానే వోల్టేజీ మళ్లీ మైనస్ 65కి పడిపోవాలి. కరెంటు వల్ల వోల్టేజీ గరిష్ఠంగా 14 మిల్లీవోల్టులే పెరిగేలా పెడితే, ఎంతసేపు చూసినా స్పైక్ రాదు. 16 పెట్టండి, సుమారు 55 మిల్లీసెకన్లకు ఒకటి చొప్పున, గడియారం కొట్టినట్టు వస్తాయి.

కానీ బతికున్న జంతువు మెదడు పైపొరలోని న్యూరాన్లు అంత క్రమంగా స్పందించవు. మళ్లీ 14కి వచ్చి, కరెంటులో కొంచెం యాదృచ్ఛిక హెచ్చుతగ్గులు కలిపి చూడండి. అసలు రాని స్పైకులు రావడం మొదలవుతుంది, అదీ ఒక క్రమం లేకుండా. 1995లో మైనెన్, సెజ్నోస్కీ అనే శాస్త్రవేత్తలు ఎలుక మెదడు ముక్కల్లోని న్యూరాన్లపై చేసిన ప్రయోగం ఇంకా ఆసక్తికరం. స్థిరమైన కరెంటును పదేపదే ఇస్తే స్పైకుల సమయాలు ఒక్కోసారి ఒక్కోలా జరిగిపోయాయి. ఒకే రకం హెచ్చుతగ్గులున్న కరెంటును పదేపదే ఇస్తే దాదాపు అవే క్షణాల్లో వచ్చాయి. ఎందుకని? ఈ ప్రశ్న మీద ఇంకో గంట కూర్చోవాలనిపిస్తే ఈ చదువు మీకు సరిపోతుంది. కోడ్ విసుగు పుట్టించి, న్యూరాన్‌ను స్వయంగా చూడాలనిపిస్తే ప్రయోగశాలలో చేసే న్యూరోసైన్స్ వైపు వెళ్లండి. అదీ మంచి దారే.

ఉద్యోగాల విషయం దాపరికం లేకుండా చెప్పాలి. పరిశోధకులుగా స్థిరపడాలంటే పీహెచ్‌డీ దాదాపు తప్పనిసరి, ఆ తర్వాత కూడా కొన్నేళ్ల తాత్కాలిక పరిశోధన ఉంటుంది. శాశ్వత అధ్యాపక పదవులకు పోటీ తీవ్రం. అయితే ఇక్కడ నేర్చిన గణాంకాలు, ప్రోగ్రామింగ్ వైద్య చిత్రాల విశ్లేషణలో, మెదడునూ యంత్రాన్నీ కలిపే పరికరాల తయారీలో, డేటా సైన్స్‌లో పనికొస్తాయి. కృత్రిమ మేధలోకి వెళ్లడానికి దీన్ని అడ్డదారిగా ఎంచుకుంటే మాత్రం నిరాశే మిగులుతుంది. అక్కడ నమూనా పని చేస్తే చాలు. ఇక్కడ మెదడు నిజంగా అలాగే చేస్తోందా అన్నది తేలాలి, అది ఏళ్ల తరబడి తేలకపోవచ్చు.

విశ్వవిద్యాలయాన్ని ఎంచుకునేటప్పుడు రెండు విషయాలు కనుక్కోండి: వేరే విభాగంలోని గణిత కోర్సులు తీసుకోనిస్తారా, డిగ్రీ విద్యార్థులను పరిశోధనశాలలోకి రానిస్తారా? న్యూరాన్ల అసలు రికార్డింగులు ఎలా ఉంటాయో చూడాలంటే, మెదడుపై పరిశోధన చేసే అలెన్ ఇన్‌స్టిట్యూట్ డేటా ఉచితంగా దొరుకుతుంది. ఈ రంగాన్ని ఆన్‌లైన్‌లో నేర్పే న్యూరోమ్యాచ్ అకాడమీ పాఠాలు చదవడానికీ డబ్బు కట్టనక్కర్లేదు. ఏదైనా పరిశోధనశాలకు ఉత్తరం రాసేటప్పుడు మార్కుల చిట్టాతో ఆపకండి. మీరు రాసిన న్యూరాన్ ప్రోగ్రామ్ జతచేసి, అది చేస్తున్నప్పుడు మీకు అంతుపట్టని విషయం ఒకటి అడగండి.