ప్రశ్న–జవాబు: కట్టె అరుగుకు ఏ సామాన్లు కొనాలె?

ప్రశ్న: అన్నా, ఇంటెనక జామచెట్టు కింద 10 అడుగులు బై 12 అడుగుల జాగ ఉంది, వానాకాలం మొత్తం బురదే. అక్కడ కట్టెతోని అరుగు లెక్క నేనే సొంతంగ చేద్దామనుకుంటున్న. అమెరికాల మిచిగన్‌ల ఉండే మా బావ గిట్లనే చేస్కున్నడు, సామాన్ల లిస్టు పంపిండు: కట్టెను అడ్డంగ, ఏటవాలుగ ముక్కలు కోసే మైటర్ సా, చేత పట్టుకొని కోసే గుండ్రటి బ్లేడు సర్క్యులర్ సా, స్క్రూలు బిగిచ్చే ఇంపాక్ట్ డ్రైవర్, మట్టం చూసే లేజర్ లెవల్, గుంతలు తీసే ఆగర్ మిషన్. లెక్కేస్తే కట్టె కంటె సామాన్లకే ఎక్కువైతుంది. అన్నీ కొనాల్నా? ఇంట్ల ఉన్న ఇనుము కోసే చేతి గ్రైండర్‌కే కట్టె కోసే బ్లేడు పెడితే నడువదా?
– ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: తమ్మీ, ఆఖరికి అడిగినవ్ గని ముందు దానికే చెప్త. గ్రైండర్‌కు రంపం పండ్లున్న బ్లేడు పెట్టనే పెట్టకు. అది నిమిషానికి 11 వేల చుట్ల దాంక తిరుగుతది, సర్క్యులర్ సా అందుల సగమే తిరుగుతది, పైగ సా కింద కట్టెకు ఆనే ప్లేటు ఉంటది, గ్రైండర్‌కు ఉండదు, పన్ను ఇరుక్కుందంటే మిషన్ ఎగిరి మనిషి మీదికే వస్తది. నాకు పని చూపెట్టిన వడ్లాయనకు ఎడమచేతికి నాలుగు వేళ్లే ఉండె, ఎట్లయింది అనడిగితే గ్రైండర్ దిక్కు చూసి ఊకుంటుండె.

ఇగ మీ బావ లిస్టు. అది తప్పు లిస్టు కాదు, అక్కడి లిస్టు. మిచిగన్‌ల చలికాలం నేల గడ్డకట్టి ఉబ్బుతది, నిట్టాళ్లను పైకి లేపుతది, అందుకని 42 అంగుళాల లోతు తవ్వుతరు, దానికి ఆగర్ కావాలె. మనకు మంచు బాధ లేదు గని నల్లరేగడి బాధ ఉంది, వానకు ఉబ్బుతది, ఎండకు నెర్రెలిస్తది. నీది చెలక నేలైతే తిప్పలు తక్కువ, రేగడైతే మొరం తగిలేదాంక తవ్వాలె. దానికి గడ్డపార, పార సాలు, మిషన్ ఎందుకు?

మైటర్ సా కూడ వద్దు. అక్కడ మందు పట్టించిన పైన్ కట్టె దుకాణంల సైజులకు దొరుకుతది, ఇంటికి తెచ్చి కోస్కుంటరు. మనం సా మిల్లుకు పోయి సీఎఫ్‌టీ (ఘనపుటడుగు) లెక్కన టేకో నల్లమద్దో కొంటం, అక్కడనే కొలతల కాయితం ఇచ్చి పొడుగులకు కోయించుకో. ఒకటి రెండు పలకలు జర ఎక్కువ తక్కువైతే చేతి రంపం ఉండనే ఉండె. మరీ కావాలంటే సర్క్యులర్ సా ఒక్కరోజుకు కిరాయికి తెచ్చుకో.

ఇంపాక్ట్ డ్రైవర్ బదులు, పైసలు పెట్టేది డ్రిల్లు మీద పెట్టు. 18 వోల్టుల బ్యాటరీది, రెండు బ్యాటరీలు, స్క్రూ ఎంత గట్టిగ బిగియాల్నో తిప్పి పెట్టుకునే రింగు ఉన్నది. గోడకు బెజ్జాలు కొట్టే కరెంటు డ్రిల్లు మన ఇండ్లల్ల ఉంటది గద, దాంతోని స్క్రూలు బిగిస్తే స్పీడుకు తలకాయలు అరిగిపోతయి. నల్లమద్ది మస్తు గట్టి కట్టె, ముందుగాల సన్న బెజ్జం వెయ్యకుంటే స్క్రూ విరుగుతది లేకుంటే పలక కొస చీలుతది, అందుకని 3 ఎం.ఎం. బిట్లు నాలుగైదు తెచ్చుకో, ఎట్లయిన రెండు విరగ్గొడ్తవ్. స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలువే, మామూలు ఇనుపవి వానలకు తుప్పు పట్టి కట్టె మీద నల్లచారలు దిగుతయి.

లేజర్ లెవల్ బదులు మేస్త్రీలు వాడే లెవల్ పైపు చాలు. సన్న పారదర్శక పైపుల నీళ్లు పోసి ఒక కొస ఒక మూలకు, రెండో కొస ఇంకో మూలకు పట్టుకుంటే నీళ్లు రెండు దిక్కుల ఒక్క ఎత్తుకే నిలుస్తయి, లోపల గాలి బుడగ లేకుంట చూస్కో, అంతే. ఎండల లేజర్ గీత కండ్లకు ఆనదు కూడ. మూలలకు గునియా (మూలమట్టం) పెట్టు, కాని అది చిన్నది, పెద్ద ఫ్రేముకు నమ్మకు: మూల నుంచి ఒక దిక్కు 6 అడుగులు, ఇంకో దిక్కు 8 అడుగులు గుర్తు పెట్టి ఆ రెండు గుర్తుల మధ్య టేపు పట్టు, 10 అడుగులు వస్తే మూల కరెక్టు. ఆఖరికి ఎదురెదురు మూలలు కొలువు, నీ సైజుకు రెండూ 15 అడుగుల ఏడున్నర అంగుళాల దగ్గర, ఒక్కతీరు రావాలె. తేడా వస్తే స్క్రూలు బిగియక ముందే సుత్తితోని జరుపు, బిగిచ్చినంక నాకు ఉత్తరం రాస్తే ఏం లాభం లేదు.