100 డాలర్ల నోటు మీద ఫ్రాంక్లిన్ ఎందుకు? అసలు నోటును ఎలా గుర్తించాలి?

బెంజమిన్ ఫ్రాంక్లిన్ అమెరికా అధ్యక్షుడు కాదు. అయితే 1776 స్వాతంత్ర్య ప్రకటన, 1778లో ఫ్రాన్స్‌తో మైత్రీ ఒప్పందం, బ్రిటన్‌తో యుద్ధాన్ని ముగించిన 1783 పారిస్ సంధి, 1787 రాజ్యాంగం, ఈ నాలుగింటిమీదా సంతకం ఉన్నది ఆయన ఒక్కడిదే. ఫ్రాన్స్ డబ్బు, సైన్యం లేకుంటే బ్రిటన్‌పై ఆ స్వాతంత్ర్య యుద్ధం గెలవడం కష్టమే. ఆ సాయం రావడంలో రాయబారిగా ఆయన పాత్ర పెద్దది. 1914 సిరీస్ నుంచి ఫెడరల్ రిజర్వ్ (అమెరికా కేంద్ర బ్యాంకు) 100 నోటు మీద ఆయన బొమ్మే వస్తోంది. (10 డాలర్ల మీదున్న హామిల్టన్ కూడా అధ్యక్షుడు కాదు.)

2013లో విడుదలైన నోటులో ముందు నీలం పట్టీ చూడండి. అది అచ్చు కాదు, కాగితంలో నేసింది. నోటును ముందుకీ వెనక్కీ వంచితే పట్టీలోని గంటలు, 100 అంకెలు పక్కలకు కదలాలి. పక్కలకు వంచితే పైకీ కిందికీ కదలాలి. సిరాబుడ్డిలోని గంట రాగి రంగు నుంచి ఆకుపచ్చకు మారాలి. వెలుతురుకు పట్టుకుంటే కుడివైపు ఫ్రాంక్లిన్ నీడబొమ్మ, ఎడమవైపు సన్నని దారం కనిపిస్తాయి. ఆ దారం అతినీలలోహిత కాంతిలో గులాబీ రంగులో మెరుస్తుంది.

దొంగనోట్లు పట్టడానికి వాడే అయోడిన్ పెన్నును మాత్రం నమ్మొద్దు. అది కాగితంలో గంజి ఉందా లేదా అన్నదే చెబుతుంది (అసలు నోటు కాగితంలో గంజి ఉండదు). 5 డాలర్ల నోటు రంగు కడిగేసి 100గా అచ్చేస్తే కాగితం అసలుదే కాబట్టి పెన్ను పాస్ చేసేస్తుంది. నీడబొమ్మ దగ్గర ఫ్రాంక్లిన్‌కు బదులు 5 డాలర్ల నోటు మీదుండే లింకన్ ముఖమో 5 అంకెలో కనిపిస్తే దొరికిపోయినట్టే.

పాత డిజైన్ నోట్లూ అమెరికాలో చెల్లుతాయి. బయటి దేశాల్లో మారకందార్లు కొందరు వాటిని, చిరుగులు, రాతలు ఉన్నవాటిని తీసుకోరు. ప్రయాణానికి కొత్తవే అడిగి తీసుకోండి.