కోతిపిల్లను ఇంటికి తెచ్చుకునే ముందు

చిరంజీవి కిరణ్‌కి,

నువ్వు పంపిన వీడియో నాలుగుసార్లు చూశాను. గౌను తొడిగి, డైపర్ కట్టి, సీసాతో పాలు పడుతున్న ఆ కోతిపిల్లను చూస్తే ఎవరికైనా ఎత్తుకోవాలనే అనిపిస్తుంది. ఈ వయసులో నాకూ అనిపించింది. "నువ్వు ఒకప్పుడు పెంచావు కదా అత్తా, ఏమేం కొనాలో చెప్పు" అని రాశావు. కొనడం సంగతి తర్వాత. ముందు ఆ వీడియో మళ్లీ పెట్టి, ఫోన్ పట్టుకున్నవాడు దగ్గరకి రాగానే పిల్ల పళ్లన్నీ బయటపెడుతుందే, అక్కడ ఆపు. నువ్వు "ఎలా నవ్వుతోందో చూడు" అన్నది ఆ చోటే. మకాక్ జాతి కోతులు, అంటే మన ఊళ్లలో తిరిగే కోతుల్లాంటివి, భయం వేసినప్పుడు అలా పళ్లు ఇకిలిస్తాయి. "నీకు లొంగిపోయాను, నన్నేం చేయకు" అని దానర్థం. మేం పెంచిన కోతి బుజ్జి అలా ఇకిలించినప్పుడల్లా మేం చప్పట్లు కొట్టి నవ్వేవాళ్లం. వాడి కళ్లలోకి కళ్లు పెట్టి చూసేవాళ్లం కూడా. అలా గుచ్చి చూడటం కోతుల భాషలో బెదిరింపని చాలా ఆలస్యంగా తెలిసింది.

బుజ్జి వచ్చేనాటికి నా అరచేతి కంటే కాస్త పెద్దవాడు. మీ మామయ్య ఎవరి దగ్గర్నుంచో తెచ్చారు. చట్టం ఏమంటుందో మేం అడగలేదు, ఇచ్చినవాళ్లు చెప్పలేదు. మొదటి మూడేళ్లు నా మెడ పట్టుకుని వదిలేవాడు కాదు. నా జుట్టంతా విడదీసి పేలు చూసేవాడు, లేకపోయినా. ఆ మూడేళ్లు చూసినవాళ్లంతా మేం అదృష్టవంతులమన్నారు. నాలుగో ఏడు ఒక సాయంత్రం మా అమ్మాయి సుధ పళ్లెం పట్టుకుని వాడి పక్కనుంచి వెళ్లింది, అంతే. నీ వదిన ముంజేతి మీద ఆ గాటు నువ్వు చూసే ఉంటావు. కుక్క కరిచిందని అందరికీ చెప్పాం, సిగ్గేసి. అప్పటిదాకా వాడు దాన్ని ఒక్కసారి గీరనైనా లేదు.

వాడికి పిచ్చెక్కిందనుకున్నాం. వాడు పెద్దవాడయ్యాడు, అంతే. మకాక్ కోతులు సుమారు మూడు నుంచి ఐదేళ్ల మధ్య ఈడుకొస్తాయి. గుంపులో ఎవరు పైన, ఎవరు కింద అనేది అప్పుడు తేల్చుకోవాలి వాటికి. ఇంట్లో పెరిగినదానికి మనమే గుంపు. అందరిలో ఎవరు చిన్నవాళ్లో, ఎవరు బెదురుతారో చూసి అక్కడ మొదలుపెడుతుంది. మీ ఇంట్లో అలాంటిది ఎవరో నేను చెప్పక్కర్లేదు, పాపకి ఇప్పుడు ఐదేళ్లు. కొడితే మానుతుందనుకోకు. మీ మామయ్య కొట్టారు కూడా. ఆయన ఉన్నంతసేపూ ఊరుకుని, ఆయన బయటికి వెళ్లాక నా మీద పడేవాడు.

కోరపళ్లు పీకిస్తే సరిపోతుందని నీకు చెప్పేవాళ్లు ఉంటారు. మాకూ చెప్పారు. కోరలు పోయినా మిగతా పళ్లుంటాయి, దవడ బలం అలాగే ఉంటుంది. నోరు మాత్రం జీవితాంతం నొప్పి పెట్టొచ్చు. ఆ పనికి ఒప్పుకునే డాక్టరు దగ్గరికి ఇంకే వైద్యానికీ వెళ్లకు.

నీకిప్పుడు 33. మకాక్ కోతి మనుషుల దగ్గర 25, 30 ఏళ్లు బతకగలదు. పాప చదువు ముగించి ఉద్యోగంలో చేరి వేరే ఊరు వెళ్లాక కూడా ఇది మీ ఇంట్లోనే ఉంటుంది. దక్షిణ అమెరికా వైపు ఉండే కాపుచిన్ జాతి కోతి అయితే 40 కూడా దాటవచ్చు. డైపర్‌తో సీసా పాలు తాగేది అందులో మొదటి కొద్ది నెలలే. వీడియోలన్నీ ఆ నెలల్లో తీసినవే ఎందుకయ్యాయో ఆలోచించు. ఏడేళ్ల మగకోతిని ఒళ్లో పెట్టుకుని పాలు పడుతున్న వీడియో ఒకటి వెతికి నాకు పంపు, అప్పుడు మాట్లాడదాం.

డైపర్ అన్నాను కాబట్టి ఆ సంగతీ చెప్తాను. కోతికి కుక్కలా బయటికి వెళ్లి పోయడం అలవాటు కాదు. చెట్ల మీద బతికేదానికి ఆ అవసరమే రాలేదు. డైపర్ కట్టి ఉంచితే చర్మం ఒరుసుకుని పుండు పడుతుంది, తోక మొదట్లో మరీను. కొంచెం పెద్దయ్యాక చింపి అవతల పారేస్తుంది. కాపుచిన్లు, స్క్విరల్ మంకీలనే చిన్న కోతులు అయితే తమ మూత్రం తామే చేతులకీ కాళ్లకీ రాసుకుంటాయి, అది వాటి సహజ గుణం. ఆ చేతులతోనే సోఫా, దిండ్లు, నీ మొహం. మంచి వాసన కొవ్వొత్తులు ఎన్ని పెట్టినా మా ఇంట్లో ఆరేళ్లు ఆ వాసన పోలేదు. చుట్టాలు రావడం మానేశారు. అదొక్కటే లాభం అనేవారు మీ మామయ్య.

"మరీ పెద్దదైతే చిన్న జాతి తీసుకుంటాను, మార్మోసెట్ అరచేతిలో పడుతుందట" అని చివర రాశావు. పడుతుంది. చిన్నదైనంత మాత్రాన సులువని కాదు. అది అడవిలో చెట్టు బెరడును పళ్లతో గీరి బంక తాగే జీవి, ఎప్పుడూ కుటుంబంతో కలిసి ఉండేది. మనకు పెదవి మీద వచ్చే జలుబు పొక్కు ఉంది చూడు, అది కలిగించే వైరస్ మార్మోసెట్‌కి సోకితే ప్రాణం పోతుంది. పొక్కు లేచిన రోజు పాప దాన్ని ముద్దు పెట్టుకుంటే చాలు.

జబ్బులు అటు నుంచి ఇటు కూడా వస్తాయి. మకాక్ కోతుల్లో బి వైరస్ అని ఒకటి ఉంటుంది. వాటికి పెద్దగా ఏమీ చేయదు, పైకి కనిపించదు. 1932లో కోతి కరిచిన ఒక డాక్టరు చనిపోవడంతో అది బయటపడింది. మనుషులకు సోకడం చాలా అరుదే. సోకి, సమయానికి వైద్యం అందకపోతే మాత్రం నూటికి 70 మంది బతకరు, బతికినవాళ్లలో కొందరికి నరాల దెబ్బ మిగులుతుంది. అందుకే మకాక్ కరిచినా, గీరినా వెంటనే 15 నిమిషాల పాటు సబ్బు నీళ్లతో కడిగి ఆస్పత్రికి వెళ్లమంటారు. రేబిస్ భయం అదనం. టీబీ మన నుంచి దానికీ, దాని నుంచి మనకీ రావచ్చు. సుధకి దెబ్బ తగిలిన రాత్రి మాకు ఇవేవీ తెలియవు. పసుపు అద్ది కట్టు కట్టి పడుకోబెట్టాం. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

తిండి గురించి ఎక్కువ చెప్పను. మనం తినేది పెడితే ఇష్టంగా తింటుంది, షుగర్ జబ్బు వచ్చి చచ్చిపోవచ్చు. మనలాగే కోతుల ఒంట్లోనూ విటమిన్ సి తయారు కాదు, తిండిలోంచే రావాలి. మార్మోసెట్, కాపుచిన్ లాంటివాటికి విటమిన్ డి3 తగ్గితే ఎముకలు మెత్తబడి వంకర పోతాయి. ఇవన్నీ లెక్క చూసి చెప్పే డాక్టరు కావాలి. కుక్కల్నీ పిల్లుల్నీ చూసే డాక్టర్లు చాలామంది కోతి పేరు చెప్పగానే చేతులెత్తేస్తారు. పిల్లను తెచ్చాక కాదు, ఇప్పుడే నీకు దగ్గర్లో ఉన్న నలుగురికి ఫోన్ చేసి అడుగు. సగం నిర్ణయం అక్కడే అయిపోతుంది.

నువ్వూ స్వాతీ ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్తారు. పదిగంటలు అది ఒంటరిగా ఏం చేస్తుంది? 1950ల్లో అమెరికాలో హ్యారీ హార్లో అనే సైకాలజిస్టు కోతిపిల్లల్ని తల్లుల నుంచి వేరు చేసి రెండు బొమ్మ తల్లులతో ఉంచాడు. తీగలతో చేసిన తల్లి దగ్గర పాల సీసా, గుడ్డ చుట్టిన తల్లి దగ్గర ఏమీ లేదు. పిల్లలు ఆకలి తీరేంతసేపే తీగల తల్లి దగ్గర ఉండి, మిగతా రోజంతా గుడ్డ తల్లిని కరుచుకుని ఉన్నాయి. పూర్తిగా ఒంటరిగా పెంచినవి ముందుకీ వెనక్కీ ఊగుతూ, తమ చేతిని తామే కొరుక్కుంటూ ఉండేవి. చదివి ఏడ్చాను నేను, ఎందుకంటే బుజ్జి అచ్చం అదే చేసేవాడు. సుధని కరిచాక వాడిని పెరట్లో గొలుసుతో కట్టాం. మణికట్టు కొరుక్కుని, మానబోతుంటే మళ్లీ గీరుకుని, కోతిపుండు బ్రహ్మరాక్షసి అన్న మాట ఎలా పుట్టిందో కళ్లారా చూశాం.

నువ్వు వీడియోలో చూసిన పిల్ల కూడా ఇంకా తల్లి పొట్టకి కరుచుకుని ఉండాల్సిన వయసుదే. దాన్ని ఎవరు, ఎలా విడదీశారని అమ్మేవాడిని అడుగు. అడవి నుంచి తెచ్చేవాటి విషయంలో చాలాసార్లు తల్లిని చంపితే తప్ప పిల్ల చేతికి రాదు. "మా దగ్గరే పుట్టింది" అంటే కాగితాలు చూపించమను. అడవి జీవుల్ని దేశాల మధ్య అమ్మడం, కొనడం మీద దేశాలు చేసుకున్న సైటిస్ ఒప్పందం జాబితాల్లో కోతి జాతులన్నీ ఉన్నాయి, దేశం దాటించాలంటే అనుమతి పత్రం ఉండాలి. ఇంట్లో పెంచుకోవడం మీద ఒక్కో దేశంలో ఒక్కో చట్టం, చాలాచోట్ల నేరం. పాప్ గాయకుడు జస్టిన్ బీబర్ 2013లో కాపుచిన్ పిల్లతో మ్యూనిక్‌లో దిగితే కాగితాలు లేవని అధికారులు స్వాధీనం చేసుకున్నారు, అది జర్మనీలోనే ఒక పార్కులో ఉండిపోయింది. 2012లో టొరంటోలో ఒక మకాక్ పిల్ల కోటు తొడుక్కుని ఫర్నిచర్ దుకాణం బయట తిరుగుతూ కనిపించింది. కారులో బోనులో ఉంచి యజమానురాలు లోపలికి వెళ్తే, అదే బయటపడి వచ్చింది. ఆవిడ కోర్టుకి వెళ్లినా తిరిగి ఇవ్వలేదు. గొళ్లేలు, చిలుకులు వాటికి లెక్క కాదు, ఫ్రిజ్ అసలే కాదు.

బుజ్జిని ఆరో ఏట జంతువుల్ని చూసుకునే ఒక చోటికి ఇచ్చేశాం. తోటి కోతులతో కలిసిపోతాడనుకున్నాను. వాడికి కోతి భాష రాదు. ఎవరికి తల వంచాలో, ఎప్పుడు పక్కకి తప్పుకోవాలో నేర్పాల్సిన తల్లి దగ్గర పెరగలేదు కదా. గుంపులో వదిలిన రోజే చెవి చిరిగింది. ఆ తర్వాత వేరే బోనులో పెట్టారు, గోడకి అవతల గుంపు. నేను వెళ్లినప్పుడల్లా ఊచల్లోంచి చేయి చాపి నా జుట్టు పట్టుకుని పేలు చూసేవాడు. మీరు వెళ్లిపోయాక రెండు రోజులు తిండి ముట్టడు, ఇక రావద్దమ్మా అన్నాడు అక్కడ పనిచేసే అతను. మానేశాను. అలా పదకొండేళ్లు బతికాడట.

అందుకని ఇప్పుడు నువ్వు చేయాల్సింది ఇది. అమ్మేవాడికి అడ్వాన్స్ ఇవ్వకు, ఇచ్చి ఉంటే పోయిందనుకో. పిల్ల నిజంగా తల్లి లేక దిక్కులేనిదని తెలిస్తే, వన్యప్రాణుల అధికారులకు చెప్పు, ఇంటికి మాత్రం తేవద్దు. నీ మనసు ఇంకా పీకుతుంటే, మనుషుల దగ్గర్నుంచి తెచ్చిన కోతుల్ని ఉంచే సంరక్షణ కేంద్రం ఏదైనా చూసి స్వాతితో కలిసి ఒక పూట వెళ్లు. పిల్లల బోను దగ్గర ఆగకు. నువ్వు కొనాలనుకున్న జాతిలో పెద్ద మగకోతి ఎక్కడుందో అడిగి, దాని ముందు గంటసేపు కూర్చో, దాని కళ్లలోకి చూడకుండా. వచ్చాక ఫోన్ చెయ్యి. పాపని తీసుకెళ్లకు, అది ఎత్తుకుంటానని గొడవ చేస్తుంది.

ఆశీస్సులతో,
మీ అత్త