పాత ఫ్యాక్టరీ నేలల శుద్ధిలో ఉద్యోగం: ఒక తండ్రి ప్రశ్నకు సమాధానం

ప్రశ్న: మా అమ్మాయి సివిల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. నగరాల్లో మూతపడిన ఫ్యాక్టరీల స్థలాలను శుద్ధి చేసి మళ్లీ వాడుకలోకి తెచ్చే రంగంలో స్థిరపడతానని, అందుకోసం పర్యావరణ ఇంజినీరింగ్‌లో పీజీ చేస్తానని అంటోంది. దీనికి భవిష్యత్తు ఉందా? విషపు మట్టి మధ్య పని చేస్తే ఆరోగ్యం ఏమవుతుందోనని నాకూ వాళ్లమ్మకూ బెంగగా ఉంది.

జవాబు: మీ సందేహాలు రెండూ సమంజసమైనవే. అయితే ముందుగా ఈ పని ఎలా ఉంటుందో చెప్పాలి. చాలామంది దీన్ని యంత్రాలతో మట్టి తవ్వి లారీలకెత్తే పనిగా ఊహించుకుంటారు. తవ్వకం చివరి అంకం మాత్రమే, కొన్ని స్థలాల్లో దాని అవసరమే రాదు. కంటికి కనిపించని నేలలో ఏముందో కొద్దిపాటి ఆధారాలతో అంచనా కట్టి, ఆ అంచనాకు సంతకం పెట్టి బాధ్యత వహించడమే ఈ వృత్తిలో ప్రధానమైన భాగం. మీ అమ్మాయికి నచ్చవలసింది అదే.

మొదటి దశలో పార కూడా ముట్టుకోరు. పాత పటాలు, అనుమతి పత్రాలు, విమాన ఛాయాచిత్రాలు తిరగేసి, అక్కడ పని చేసిన పాత ఉద్యోగులతో మాట్లాడి, ఏ మూల ఏ ట్యాంకు ఉండేదో, వ్యర్థజలం ఎటు పారేదో తెలుసుకుంటారు. బొగ్గు నుంచి గ్యాసు తీసిన చోట తారు, బెంజీన్ ఉంటాయని, తోళ్లు పదును చేసిన చోటా లోహాలకు పూత వేసిన చోటా క్రోమియం ఉండవచ్చని, బ్యాటరీలు తయారైన చోట సీసం కోసం వెతకాలని అనుభవజ్ఞులకు ముందే తెలుసు. రెండో దశలో బోర్లు వేసి మట్టి, నీరు, మట్టి రేణువుల మధ్య ఉండే ఆవిరుల నమూనాలు తీసి ల్యాబుకు పంపుతారు. ఆ తర్వాత కాలుష్యానికి మూలం ఏది, అది ఏ దారిలో కదులుతోంది, చివరికి ఎవరిని చేరుతుంది అనే మూడు ప్రశ్నలకు జవాబు కూర్చుతారు. ఈ మూడింటిలో ఏ ఒక్క లంకె తెగినా ప్రమాదం తప్పుతుంది కాబట్టి, ప్రతిచోటా మట్టినంతా తీసివేయనక్కరలేదు. పార్కింగ్ స్థలానికైతే మట్టిపైన కాంక్రీటు లాంటి గట్టి పొర కప్పితే చాలవచ్చు, కానీ పిల్లలు ఆడుకునే తోటకు అది చాలదు. ఆ నేలను రేపు దేనికి వాడతారన్నదే ఎంత శుభ్రం చేయాలో నిర్ణయిస్తుంది.

ఇక భవిష్యత్తు సంగతి. ఈ ఉద్యోగాలను పుట్టించింది యంత్రాలు కాదు, చట్టాలు. అమెరికాలోని నయాగరా ఫాల్స్ నగరంలో, దాదాపు 20 వేల టన్నుల రసాయన వ్యర్థాలు పూడ్చిన లవ్ కెనాల్ స్థలాన్ని 1953లో ఒక్క డాలరుకు స్కూలు బోర్డుకు అప్పగించారు. అక్కడ బడి కట్టారు, చుట్టూ ఇళ్లు లేచాయి. 1978లో అత్యవసర పరిస్థితి ప్రకటించి కుటుంబాలను ఖాళీ చేయించవలసి వచ్చింది. ఆ ఉదంతం ప్రభావంతో 1980లో సూపర్‌ఫండ్ చట్టం వచ్చి, శుద్ధి ఖర్చు భారాన్ని కాలుష్యం చేసినవారి మీదనే కాక స్థలం యజమానుల మీద కూడా మోపింది. దాంతో పాత పారిశ్రామిక భూములను కొనడానికే జనం జంకారు. కొనేముందు తగిన విచారణ చేయించి, కొన్నాక తగిన జాగ్రత్తలు పాటించే వారికి ఆ బాధ్యత నుంచి రక్షణ కల్పిస్తూ 2002లో మరో చట్టం చేశారు. ఆ 'తగిన విచారణ' చేసి నివేదిక రాసేవారే మీ అమ్మాయి చేరబోయే వృత్తివారు. కాబట్టి బాధ్యత ఎవరిదో చట్టం స్పష్టంగా చెప్పి, దాన్ని అమలు చేసే చోట ఈ పనికి గిరాకీ నిలకడగా ఉంటుంది. లేనిచోట స్థలాల క్రయవిక్రయాలు జోరుగా సాగినప్పుడు పెరిగి, అవి మందగించగానే తగ్గుతుంది. ఈ ఎగుడుదిగుళ్లను దాచి మీకు ధైర్యం చెప్పడం నాకు ఇష్టం లేదు.

కోర్సు విషయంలో నా అభిప్రాయం కాస్త వేరు. డిగ్రీ పేరులో 'పర్యావరణ' అనే మాట ఉండటం కంటే భూగర్భ జలాల శాస్త్రం, అంటే హైడ్రోజియాలజీ, గట్టిగా నేర్పే పీజీని వెతకమంటాను. కారణం చెబుతాను. పెట్రోలు నీటి కంటే తేలిక కనుక భూగర్భ జలం పైన తేలుతుంది. లోహపు భాగాల జిడ్డు వదిలించడానికి వాడే ట్రైక్లోరోఇథిలీన్ నీటి కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు బరువు, అందుకే నీటి అడుగుకు దిగి, గట్టి పొర తగిలేదాకా జారుతూ పోతుంది. మొదటిదాన్ని వెతికే పద్ధతిలో రెండోదాన్ని వెతికితే దొరకదు. అలాగే, ప్రాణవాయువు అందితే సూక్ష్మజీవులు బెంజీన్‌ను తినేస్తాయి గానీ సీసాన్ని ఏ జీవీ కరిగించి మాయం చేయలేదు. దాన్ని తీసివేయాలి, లేదా కదలకుండా బంధించాలి. సివిల్ చదివినవారికి నేల బలం గురించి తెలిసినంతగా ఈ రసాయనాల నడక తెలియదు. ఆ లోటు పూడ్చేదే ఆమెకు సరైన కోర్సు. గణాంకశాస్త్రం ఒక పేపరుగా ఉంటే మరీ మంచిది. రాత కూడా ముఖ్యమే, ఎందుకంటే ఈ రంగంలో అమ్ముడయ్యే సరుకు నివేదికే, కోర్టులో నిలబడేదీ అదే.

ఆరోగ్యం గురించి మీ బెంగ అర్థరహితమని అనను. పద్ధతి ప్రకారం నడిచే సంస్థల్లో గాలిని కొలిచే పరికరాలు, చేతి తొడుగులు, మాస్కులు, క్రమం తప్పని వైద్య పరీక్షలు ఉంటాయి. అమెరికాలో ఇలాంటి స్థలాల్లో నేరుగా కాలుష్యానికి గురయ్యే అవకాశమున్న పనివారికి 40 గంటల శిక్షణ, ఆపైన 3 రోజులు పర్యవేక్షణలో పని తప్పనిసరి. శిక్షణ ఇవ్వకుండానే మొదటి రోజున స్థలంలోకి పంపే సంస్థ ఎంత జీతమిచ్చినా వద్దనమని చెప్పండి. వృత్తి మొదట్లో బోరు యంత్రం పక్కన ఎండలో, వానలో నిలబడే రోజులు ఎక్కువ ఉంటాయని కూడా ఆమెకు ఇప్పుడే తెలియాలి.

ఒక ఫలితాన్ని చూసి తీరాలనుకుంటే అమెరికా నగరం సియాటిల్‌లోని గ్యాస్ వర్క్స్ పార్కు గురించి చదవమనండి. 1956లో మూతపడిన గ్యాసు ఫ్యాక్టరీ స్థలంలో పాత గోపురాలను కూల్చకుండా, మట్టిలో సూక్ష్మజీవుల చేత చాలా పని చేయించి, 1975లో పార్కుగా తెరిచారు. అందమైన విజయమే, అయినా దాని కథ అక్కడితో ముగియలేదు. పక్కనున్న సరస్సు అడుగు మట్టిలోని కాలుష్యంపై పరిశీలనలు దశాబ్దాల తర్వాత కూడా సాగుతూ వచ్చాయి. పని పూర్తయిందని చెప్పుకునే రోజు కోసం అన్నేళ్లు ఆగగలదా అని ఆమెనే అడగండి. ఆగగలనంటే, ఈ సెలవుల్లో ఒక పాత పారిశ్రామిక స్థలానికి సంబంధించిన పటాలు సేకరించి, మూలం, మార్గం, చేరే చోటు చూపే చిత్రం ఒకటి గీసి, రెండు పేజీల వివరణ రాయమనండి. పీజీ దరఖాస్తుకు అది మార్కుల జాబితా కంటే ఎక్కువ పనికొస్తుంది.