క్యాంటనీస్ సినిమాల్లో ఉత్తమ నటుడు అవార్డు వస్తే హీరో దశ తిరుగుతుందా?

క్యాంటనీస్ భాష మాట్లాడే హాంకాంగ్‌లో ఉత్తమ నటుడు అవార్డు కొట్టిన హీరోల కెరీర్లు ఎలా నడిచాయి, అవార్డు వచ్చాక మార్కెట్ పెరుగుతుందా, ఎవరితో మొదలుపెట్టి చూడాలి అని అడిగారు.

సూటిగా చెప్తాను. అవార్డు వల్ల దశ తిరిగినవాళ్లు అక్కడ చాలా తక్కువ. దశ తిరిగాక అవార్డు వచ్చినవాళ్లు, అవార్డు వచ్చాక రోడ్డున పడ్డవాళ్లు, పదమూడేళ్లు ఎదురుచూసి తెచ్చుకున్నవాళ్లు, ఇలాంటి లెక్కే ఎక్కువ. ఆ కెరీర్లు అర్థం కావాలంటే ఆ ఏడాది డబ్బు పెట్టింది ఏ ఊరి బయ్యరో చూడండి. ట్రోఫీ తర్వాత చూడొచ్చు.

ముందు పేర్ల తిరకాసు తేల్చుకుందాం, లేకపోతే మొదటి వెతుకులాటలోనే దారి తప్పుతారు. టోనీ లియుంగ్‌లు ఇద్దరున్నారు. టోనీ లియుంగ్ కా-ఫాయ్ 'పెద్ద టోనీ', టోనీ లియుంగ్ చ్యూ-వాయ్ 'చిన్న టోనీ'. హాంకాంగ్ ఫిల్మ్ అవార్డుల్లో పెద్దాయన నాలుగుసార్లు ఉత్తమ నటుడు (1984, 1993, 2006, 2013), చిన్నాయన ఆరుసార్లు (1995, 1998, 2001, 2003, 2005, 2024). మార్వెల్ సినిమా 'షాంగ్-చీ'లో తండ్రిగా మీరు చూసింది చిన్నాయన్ని. ఆండీ లావ్ హీరో, ఆండ్రూ లావ్ 'ఇన్ఫర్నల్ అఫైర్స్' తీసిన ఇద్దరు దర్శకుల్లో ఒకడు. లావ్ చింగ్-వాన్, షాన్ లావ్ ఒక్కడే. ఒక్కో మనిషికి క్యాంటనీస్ పేరు, మాండరిన్ (చైనా అధికార భాష) ఉచ్చారణ, ఇంగ్లీషు పేరు అని మూడేసి ఉంటాయి కాబట్టి మనిషి పేరుతో కాకుండా సినిమా పేరు, ఏడాది కలిపి వెతకండి.

రెండో తిరకాసు అవార్డులది. హాంకాంగ్ ఫిల్మ్ అవార్డ్స్ 1982లో మొదలయ్యాయి. గోల్డెన్ హార్స్ తైవాన్‌ది, అంతకన్నా పాతది, దానికి హాంకాంగ్ సినిమాలూ పోటీపడతాయి. ఒకే సినిమాకి రెండు చోట్లా ఒకే హీరోకి ఇవ్వాలని లేదు. 'ఎ బెటర్ టుమారో'కి గోల్డెన్ హార్స్ టి లుంగ్‌కి వెళ్లింది, హాంకాంగ్ అవార్డు చౌ యున్-ఫాట్‌కి వచ్చింది. ఇంకోటి, హాంకాంగ్ అవార్డు ఏడాది అంటే సినిమా విడుదలైన ఏడాది కాదు, సాధారణంగా దాని తర్వాతది. 2021లో వేడుకే జరగలేదు, ఆ సినిమాలన్నీ 2022లోకి వెళ్లాయి. లిస్టుల్లో ఒక ఏడాది తేడా కనిపిస్తే కారణం ఇదే. గెలిచినవాణ్ని అక్కడ 'యింగ్ దాయ్' అంటారు, అంటే సినీ చక్రవర్తి. మన నటసామ్రాట్ లాంటి బిరుదే, కాకపోతే అభిమానులు ఇచ్చేది కాదు, ఓటేసి ఇచ్చేది.

ఇక అసలు సంగతి. ఆ తరం హీరోల్లో చాలామంది టీవీబీ అనే టీవీ సంస్థ నటనా శిక్షణ క్లాసు నుంచే వచ్చారు: చౌ యున్-ఫాట్, ఆండీ లావ్, చిన్న టోనీ, స్టీఫెన్ చౌ, లావ్ చింగ్-వాన్. పాఠం కొన్నాళ్లే, ఆ తర్వాత సీరియళ్లలో చాకిరీ. రాత్రికి రాత్రి వచ్చిన పేజీలు పొద్దున షూటింగ్‌లో చెప్పేయగలిగే పనితనం అక్కడ అబ్బింది. టీవీలో ఉన్నంతకాలం కాంట్రాక్టుది పైచేయి. 1980ల మధ్యలో ఆండీ లావ్ కొత్త దీర్ఘకాల ఒప్పందం మీద సంతకం పెట్టనంటే పని ఇవ్వకుండా పక్కన పెట్టేశారు. దాన్ని అక్కడ 'మంచులో పెట్టడం' అంటారు. ఆయన తర్వాత సొంతంగా నిర్మాణం వైపు వెళ్లడం, కొత్త దర్శకుల చిన్న సినిమాలకి డబ్బు పెట్టడం చూసినప్పుడు ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. 2012లో మూడోసారి అవార్డు తెచ్చిన 'ఎ సింపుల్ లైఫ్'కి పెట్టుబడి తేవడంలోనూ ఆయన చెయ్యి ఉంది.

అవార్డుకీ మార్కెట్‌కీ పొత్తు లేదనడానికి పెద్ద టోనీ కథ చాలు. 1983లో 'రెయిన్ బిహైండ్ ఎ కర్టెన్'లో షియెన్‌ఫెంగ్ చక్రవర్తి వేషం వేశాడు. దాదాపు తొలి అడుగులోనే, 26 ఏళ్ల వయసులో, ఉత్తమ నటుడయ్యాడు. ఆ సినిమా తీసింది చైనా ప్రధాన భూభాగంలో. అప్పట్లో ప్రధాన భూభాగంలో పనిచేసినవాళ్ల సినిమాలని తైవాన్ రానిచ్చేది కాదు. ఇక్కడే ఉంది మెలిక: హాంకాంగ్ నిర్మాతకి తైవాన్ బయ్యరే ప్రాణం. ఆయన అడ్వాన్సు ఇస్తేనే సినిమా మొదలయ్యేది, అడ్వాన్సు ఇచ్చేది కూడా ఫలానా హీరో ఉన్నాడా అని చూసి. అంటే తైవాన్‌లో ఆడని హీరోని పెట్టుకుంటే, ఎంత గొప్ప నటుడైనా, పెట్టుబడిలో పెద్ద ముక్క మొదటిరోజే పోయినట్టు. ఎవరూ పిలవలేదు. సినీ చక్రవర్తి అనిపించుకున్న మనిషి రోడ్డు పక్కన వస్తువులు అమ్ముకున్నాడు. తర్వాత దారి తెరుచుకుని 1987లో 'ప్రిజన్ ఆన్ ఫైర్'లో చౌ యున్-ఫాట్ పక్కన కనిపించాడు. రెండో అవార్డు 1993లో, అదీ ఒక పేరడీ కామెడీకి: 1960ల క్యాంటనీస్ హీరో లుయ్ కీని అనుకరిస్తూ చేసిన వేషం. చక్రవర్తి వేషంతో మొదటిది, వెక్కిరింత వేషంతో రెండోది, మాఫియా నాయకుడిగా 'ఎలక్షన్'తో మూడోది, పోలీసు అధికారిగా 'కోల్డ్ వార్'తో నాలుగోది. నా లెక్కలో వేషాల వైవిధ్యంలో ఈయన్ని మించినవాడు అక్కడ లేడు, కానీ బయటి ప్రపంచం పేరు చెప్పేది చిన్నాయనది.

చౌ యున్-ఫాట్‌ది తిరగబడ్డ కథ. 1980లో 'ది బండ్' సీరియల్‌తో ఇంటింటి హీరో, సినిమాల్లో మాత్రం మన భాషలో ఐరన్ లెగ్. అక్కడి పత్రికలు 'బాక్సాఫీసు విషం' అని రాసేవి. 1985లో గోల్డెన్ హార్స్ వచ్చినా ఆ పేరు పోలేదు. పోగొట్టింది 1986లో 'ఎ బెటర్ టుమారో' వసూళ్లే: 3 కోట్ల 40 లక్షల హాంకాంగ్ డాలర్లకు పైగా, అప్పటికి అది రికార్డు. నిజానికి అందులో మొదటి హీరో టి లుంగ్.

చౌకి అవార్డు ఎందుకు వచ్చిందో తెలియాలంటే, అందరూ చెప్పుకునే పూలకుండీల తుపాకుల సీను పక్కన పెట్టి, కాలు పోయాక వచ్చే సీను చూడండి. ఇనుప పట్టీ వేసిన కాలు ఈడ్చుకుంటూ కార్ల అద్దాలు తుడుస్తాడు. పాత బాసు నోట్లు నేల మీదకి విసిరితే వంగి ఏరుకుంటాడు. కార్ల షెడ్డులో కూర్చుని డబ్బా అన్నం తింటుంటే పాత స్నేహితుడు ఎదురుగా వచ్చి నిలబడతాడు. నోట్లో ముద్ద అలాగే ఉంటుంది, మింగడానికీ ఉమ్మడానికీ లేదు, ముఖం మాత్రం నవ్వాలో ఏడవాలో తేల్చుకోలేదు. హీరోయిజం అంతా తీసేశాక కూడా మనిషి నిలబడ్డాడు. మరుసటి ఏడాది ఎన్ని సినిమాలు చేశాడంటే, 1988 అవార్డుల్లో ఉత్తమ నటుడి నామినేషన్లలో మూడు ఈయనవే. ఇలాంటి చోట ఓట్లు చీలిపోతాయనుకుంటాం, కానీ 'సిటీ ఆన్ ఫైర్'కి గెలిచాడు. అదే ఊపులో చేసిన ప్రేమకథ 'ఎన్ ఆటమ్స్ టేల్'కి గోల్డెన్ హార్స్ తెచ్చుకున్నాడు.

చిన్న టోనీ దగ్గర అవార్డు లెక్క ఇంకో రకంగా తప్పుతుంది. 'డేస్ ఆఫ్ బీయింగ్ వైల్డ్'కి 1991లో ఉత్తమ నటుడు లెస్లీ చెంగ్. న్యాయమే. కానీ సినిమా చివర్లో అంతవరకూ కథలో లేని ఒక మనిషి వస్తాడు, అది చిన్న టోనీ. నిటారుగా నిలబడలేనంత కిందికున్న కప్పు, మంచం, ఒక బల్బు. గోళ్లు అరగదీసుకుంటాడు, కోటు తొడుక్కుంటాడు, నోట్ల కట్ట, పేక ఒక్కో జేబులో సర్దుకుంటాడు, తల దువ్వుకుంటాడు, లైటు ఆర్పి వెళ్లిపోతాడు. ఒక్క మాట లేదు. రెండో భాగం కోసం పెట్టిన ముక్క అది, ఆ రెండో భాగం రానేలేదు. అయినా ఆ మనిషి జూదంతో బతికేవాడని, తొందరలేనివాడని, ఆడవాళ్లని నమ్మించగలవాడని ఆ రెండు మూడు నిమిషాల్లో తెలిసిపోతుంది. 2000లో కాన్స్‌లో 'ఇన్ ద మూడ్ ఫర్ లవ్'కి ఉత్తమ నటుడైనప్పుడు మెచ్చుకున్నది కూడా ఈ పద్ధతినే: పని చేతులకి అప్పజెప్పి ముఖాన్ని ఖాళీగా ఉంచడం. దీనికీ పరిమితి ఉంది. 'ద గ్రాండ్‌మాస్టర్' కోసం వింగ్ చున్ అనే కుంగ్‌ఫూ పద్ధతి నేర్చుకుంటూ చెయ్యి విరగ్గొట్టుకున్నాడు, ఆ సినిమా 2014లో పన్నెండు అవార్డులు ఊడ్చేసింది, ఉత్తమ నటుడు మాత్రం మాజీ బాక్సర్ వేషానికి నిక్ చెంగ్. 2005 తర్వాత చిన్నాయన ఆరో అవార్డుకి 2024 దాకా ఆగాల్సి వచ్చింది.

ఎదురుచూడటంలో మాత్రం లావ్ చింగ్-వాన్‌దే రికార్డనాలి. 1993లో 'సే లా వీ, మోన్ షెరీ'తో జనం గుండెల్లోకి వెళ్లాడు, నామినేషన్లు వస్తూనే ఉన్నాయి. 'రన్నింగ్ ఔట్ ఆఫ్ టైమ్'లో సగం బరువు ఈయనే మోస్తే అవార్డు ఆండీ లావ్‌కి వచ్చింది. అందులో ఆండీది చావు దగ్గరపడ్డ దొంగ వేషం, లావ్ చింగ్-వాన్‌ది వాడి వెంటపడే పోలీసు. జబ్బు వేషానికి ఓట్లు ఎక్కువ పడతాయి, ఏ దేశమైనా ఇంతే. చివరికి 2007లో, వెనకబడిపోయిన నటుడి పాత్ర వేసిన 'మై నేమ్ ఈజ్ ఫేమ్'కి గెలిచాడు. ఆ తర్వాత 2015, 2023, 2025. ఆయనకిప్పుడు నాలుగు.

2004 తర్వాత డబ్బు దిక్కు మారింది. చైనాతో కుదిరిన వాణిజ్య ఒప్పందం కింద ఉమ్మడి నిర్మాణాలని అక్కడ స్వదేశీ సినిమాలుగా లెక్కగట్టారు, బదులుగా ముఖ్య నటుల్లో మూడో వంతుకి తగ్గకుండా ప్రధాన భూభాగంవాళ్లు ఉండాలని షరతు పెట్టారు, 2019లో అది ఎత్తేశారు. ఒకప్పుడు తైవాన్ బయ్యర్ కూర్చున్న కుర్చీలో ఇప్పుడు వేరే మనిషి కూర్చున్నాడు, అంతే. నటుడు ఆంథనీ వాంగ్ హాంకాంగ్‌లో ప్రజాస్వామ్యం కోసం జరిగిన 2014 ఉద్యమాన్ని సమర్థించాక ఆ మార్కెట్ ఆయనకి మూసుకుపోయింది. చక్రాల కుర్చీలో ఉన్న మనిషిగా చేసిన 'స్టిల్ హ్యూమన్'కి పారితోషికం తీసుకోలేదు, 2019లో మూడోసారి ఉత్తమ నటుడయ్యాడు. ఈ మధ్య ఇలాంటి చిన్న బడ్జెట్ స్థానిక సినిమాల వైపే అవార్డు తరచుగా మొగ్గుతోంది. దశాబ్దాలు చిన్న వేషాలేసిన తాయ్ బోకి 2020లో, 85 ఏళ్ల ప్యాట్రిక్ త్సేకి 2022లో వచ్చింది. త్సే కొడుకు నికొలస్ 2011లోనే గెలిచాడు, తండ్రికి పదకొండేళ్లు ఆలస్యం.

చూసే వరస: 'ఎ బెటర్ టుమారో', 'ఇన్ఫర్నల్ అఫైర్స్', 'రన్నింగ్ ఔట్ ఆఫ్ టైమ్', 'ఎలక్షన్', 'ఎ సింపుల్ లైఫ్', 'స్టిల్ హ్యూమన్'. 'డేస్ ఆఫ్ బీయింగ్ వైల్డ్', 'ఇన్ ద మూడ్ ఫర్ లవ్' తీసిన దర్శకుడు వాంగ్ కార్‌వాయ్ సినిమాలు వీటి తర్వాతే పెట్టుకోండి, ముందే చూస్తే సగంలో నిద్రపోయి నటుణ్ని తిడతారు. ఆంథనీ వాంగ్‌కి మొదటి అవార్డు తెచ్చిన 'ది అన్‌టోల్డ్ స్టోరీ' పెద్దలకు మాత్రమే. భోజనం ముందు గానీ ఇంట్లోవాళ్లతో గానీ వద్దు.

ఆడియో ట్రాక్ సరిచూసుకోండి. మాండరిన్ డబ్బింగ్‌లో చాలాసార్లు గొంతు హీరోది కాదు, నటన సగం పోతుంది. కనిపెట్టడం తేలిక: 'నేను' అనడానికి మాండరిన్‌లో 'వొ' అంటారు, క్యాంటనీస్‌లో 'ఙో'. మన వర్ణమాలలో పనిలేక కూర్చున్న ఙ ఇక్కడ పనికొస్తుంది. కొందరు ఆ ఙ మింగేసి ఉత్త 'ఓ' అంటారు, అయినా 'వ' వినపడదు. '2046'లో మాత్రం చిన్న టోనీ క్యాంటనీస్‌లో మాట్లాడితే ఎదుటి నటి మాండరిన్‌లో జవాబిస్తుంది. అది ట్రాక్ తప్పు కాదు, సినిమా అంతే. 1980ల సినిమాల్లో పెదాలకీ మాటకీ పొంతన లేకపోయినా కంగారొద్దు, అప్పట్లో మాట లేకుండా తీసి తర్వాత డబ్బింగ్ వేయడం మామూలు.

'ఇన్ఫర్నల్ అఫైర్స్' చూడనివాళ్లు ఇక్కడితో ఆపేయండి. చివర్లో లిఫ్ట్ దగ్గర ఆండీ లావ్ పాత్రని అరెస్టు చేస్తే మీరు చూసింది చైనా ప్రధాన భూభాగం కోసం మార్చిన ముగింపు. అసలు ప్రింటులో అతను పోలీసుగానే బయటికి నడిచి వస్తాడు. ఆ ప్రింటు దొరికేదాకా చిన్న టోనీ, ఆండీల్లో ఎవరు బాగా చేశారన్న వాదనకి దిగకండి.