ట్యూబులు తోమినా చిమ్నీ వేడి దిగదేం?

ప్రశ్న: మాది గంటకు 3 టన్నుల ఆవిరి ఇచ్చే మూడు పాస్‌ల ఫైర్‌ట్యూబ్ బాయిలర్ (ట్యూబుల్లో పొగ, వాటి చుట్టూ నీరు; పొగ మూడుసార్లు అటూఇటూ తిరిగి చిమ్నీకి పోతుంది). ఇంధనం డీజిల్, ప్రెషర్ చదరపు సెంటీమీటరుకు 10 కిలోలు, ఎకనమైజర్ (పోయే పొగ వేడితో బాయిలర్ నీటిని ముందే వేడిచేసే పరికరం) లేదు. చిమ్నీ దగ్గర 220 డిగ్రీలు చూపేది, ఏడాదిలో 265కి చేరింది. ట్యూబులు బ్రష్‌తో తోమిస్తే పది డిగ్రీలే దిగింది. లోపం ఎక్కడ?

జవాబు: 10 కిలోల ప్రెషర్‌లో ఆవిరి ఉష్ణోగ్రత దాదాపు 184 డిగ్రీలు. ఫుల్ లోడులో పొగ దానికి 30 నుంచి 60 డిగ్రీలు పైన ఉండడం మామూలే. ఆ లెక్కన 220 బాగున్నట్టే, 265 కాదు. పొగ వేడి 22 డిగ్రీలు పెరిగితే ఇంధనంలో సుమారు 1 శాతం వృథా. మీకు 2 శాతం పోతోంది.

ముందు సెన్సర్‌ను పరీక్షించండి. థర్మోకపుల్ (వేడిని కొలిచే సెన్సర్) మొన పొగగొట్టం నడిమధ్యన ఉండాలి. మొనకు మసి పట్టినా, జాయింట్ల నుంచి బయటిగాలి లోపలికి లాగినా అంకె తక్కువే చూపిస్తుంది. కాబట్టి మీ 265 నిజమే కావచ్చు. అయినా మరో థర్మోకపుల్‌తో సరిచూడండి, తప్పు రకం కేబుల్ వేసినా అంకె మారిపోతుంది.

తర్వాత అదే లోడులో పొగలోని ఆక్సిజన్ కొలవండి. డీజిల్‌కు 3-4 శాతం చాలు. 6-7 ఉంటే ఎక్కువైన గాలే వేడిని మోసుకుపోతోంది, బర్నర్ డ్యాంపర్ (గాలిని తగ్గించే, పెంచే తలుపు) సర్దాలి. నాజిల్ మార్చాక ఇంధనం ఎక్కువగా మండుతోందా అన్నదీ చూడండి.

ఇవి సరిగా ఉంటే వేడి ఎలా పెరిగిందో లాగ్‌బుక్‌లో చూడండి. ఒక్కరోజులో ఎగబాకితే, మీది డ్రైబ్యాక్ రకమైతే (వెనకవైపు నీటి గోడ బదులు వేడి తట్టుకునే ఇటుకలుండేది), వెనక రిఫ్రాక్టరీ అడ్డుగోడ, అంటే ఆ ఇటుకల గోడ, పగిలి ఫర్నేస్ పొగ రెండు, మూడు పాస్‌లు తిరగకుండానే చిమ్నీకి పోతుండవచ్చు. నెలనెలా మెల్లగా పెరిగి, మసి తోమినా దిగకపోతే నా అనుమానమంతా ట్యూబుల నీటివైపు పట్టిన స్కేల్ (నీటిలోని లవణాల గట్టి పొర) మీదే.

ఇది ఇంధన నష్టంతో ఆగేది కాదు. స్కేల్ కింద లోహం వేడెక్కి, మంట తగిలే చివర ట్యూబ్‌ప్లేటు (ట్యూబుల చివరలు బిగించిన పలక) పగుళ్లిస్తుంది. బాయిలర్ చల్లార్చి, ప్రెషర్ పూర్తిగా పోయాక హ్యాండ్‌హోల్ (లోపల చూసేందుకు ఉండే చిన్న మూత) తెరిచి టార్చి వేసి చూడండి. తెల్లని పెచ్చులు కనిపిస్తే ఇన్హిబిటర్ (లోహాన్ని యాసిడ్ తినకుండా కాపాడే మందు) కలిపిన యాసిడ్‌తో, అనుభవజ్ఞుల చేత కడిగించండి. సాఫ్ట్‌నర్ (నీటి కాఠిన్యం తగ్గించే యంత్రం) నుంచి వచ్చే నీటి హార్డ్‌నెస్ రోజూ పరీక్షించకపోతే అదే పొర మళ్లీ పడుతుంది.