బుజ్జీ, ఆ తొమ్మిదో మాట కొట్టెయ్

బుజ్జికి, పెద్దమ్మ ఆశీర్వదించి రాస్తున్నది.

మొన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, నువ్వు బీరువా తలుపుకి అంటించుకున్న కాగితం సంగతి చెప్పింది. ఇంకో మూడు నెలల్లో నీకు 40 నిండుతాయని, ఆలోపు చెయ్యాలనుకున్నవి పది రాసుకున్నావని, పుట్టినరోజు పొద్దున 10 కిలోమీటర్లు పరుగెత్తాలన్నది అందులో మొదటిదని. ఆ కాగితం ఫోటో కూడా పంపింది. మీ అమ్మని ఏమీ అనకు, అడిగి తెప్పించుకున్నది నేనే.

ముందు చాలా సంతోషం వేసింది. పదిహేనేళ్ళుగా పిల్లలు, ఉద్యోగం, అత్తగారి ఆపరేషన్, మామగారి మందులు అంటూ తిరిగినదానివి, ఇన్నాళ్ళకి నీ ఒంటి గురించి నువ్వు ఆలోచించావు. ఫోటో పెద్దది చేసుకుని ఒక్కో మాటా చదువుకుంటూ వచ్చాను. తొమ్మిదో మాట దగ్గర ఆగిపోయాను. "నా బద్ధకాన్ని చంపెయ్యాలి. మధ్యాహ్నానికే అలసిపోవడం ఇక కుదరదు" అని రాశావు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఫోన్‌లో చెబితే "సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు, అందుకే కూర్చుని రాస్తున్నాను.

తేలికవి ముందు చెప్పేస్తాను. బీపీ చూపించుకో. సిగరెట్ తాగేవాళ్ళ పక్కన నిలబడకు. మంచి బూట్లు కొనుక్కో. నడకో పరుగో వారానికి 150 నిమిషాలు చాలు, అంతకు మించి చేస్తే మంచిదే. వారంలో రెండు రోజులు మాత్రం బరువులెత్తే వ్యాయామం చెయ్యి. 30 దాటాక కండ మెల్లమెల్లగా కరుగుతూ వస్తుంది, ఎముక కూడా ఆ వయసుకే గట్టితనం అంచు చూసేస్తుంది. పరుగొక్కటే దాన్ని కాపాడలేదు.

ఇక నాలుగో మాట. పొద్దున నాలుగున్నరకి లేవాలని రాశావు. రాత్రి పన్నెండుకి పడుకునేదానివి నాలుగున్నరకి లేస్తే నీకు మిగిలే నిద్ర ఎంత? పెద్దవాళ్ళ ఒంటికి కనీసం ఏడు గంటలు కావాలి తల్లీ. లెక్కలు అంత బాగా చేసేదానివి, ఈ ఒక్క లెక్క ఎందుకు తప్పావు? తొమ్మిదిన్నరకి పడుకోగలిగితే లే. లేకపోతే ఆ మాట మార్చుకో.

ఇప్పుడు నీకు ఎవరూ చెప్పని సంగతి చెబుతాను. నీకు పదిహేడేళ్ళప్పుడు నేను ఆఫీసు మెట్ల మీద పడిపోయాను, గుర్తుందా? "పెద్దమ్మకి కళ్ళు తిరిగాయి, ఏం లేదు" అని నీకు చెప్పాం. ఏం లేకపోవడం కాదు, చాలానే ఉంది. ఆ రోజు నాకు సరిగ్గా 40 నిండాయి.

అంతకు ఆరు నెలల ముందు నేనూ నీలాగే డైరీలో రాసుకున్నాను. రోజూ గంట నడక. ఆఫీసులో లిఫ్ట్ ఎక్కకూడదు, మూడో అంతస్తుకి మెట్లే. మొదటి నెల బాగానే నడిచాను. తర్వాత రెండో అంతస్తు దగ్గర ఊపిరి అందేది కాదు. గోడ పట్టుకుని, ఎవరైనా వస్తుంటే చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగేదాన్ని. రాత్రి పడుకుంటే గుండె చెవుల్లో కొట్టుకున్నట్టు వినపడేది. జుట్టు ఊడిపోతోంది, గోళ్ళు పలచబడి మధ్యలో గుంటపడ్డాయి. వీటన్నింటికీ నేను పెట్టుకున్న పేరు బద్ధకం. లావెక్కాను, సోమరినయ్యాను, అందుకే ఇలా అనుకున్నాను. ఇంకో పావుగంట ఎక్కువ నడవమని నన్ను నేనే తిట్టుకున్నాను.

ఇంకోటి చెప్పనా? ఆ రోజుల్లో నాకు ఐస్ ముక్కలు నమలాలనిపించేది. అర్ధరాత్రి లేచి ఫ్రిజ్ తీసి ట్రేలు ట్రేలు ఖాళీ చేసేదాన్ని. మీ పెదనాన్న నవ్వేవారు, నేనూ నవ్వేదాన్ని.

నెలసరి సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. తొమ్మిది పది రోజులు వచ్చేది. మొదటి మూడు రోజులు గంటగంటకీ ప్యాడ్ మార్చాల్సి వచ్చేది, గడ్డలు పడేవి. ఒక పెద్దావిడ "ఈ వయసులో అంతే, ఆగిపోయే ముందు ఇలాగే ఉంటుంది" అంది. నమ్మాను. నమ్మడం సులువు కదా, డాక్టరు దగ్గరికి వెళ్ళక్కర్లేదు, సెలవు పెట్టక్కర్లేదు, నోరు విప్పక్కర్లేదు.

పుట్టినరోజు నాడు కొత్త చీర కట్టుకుని మెట్లెక్కుతూ రెండో మలుపులో పడిపోయాను. ఆస్పత్రిలో రక్తం తీశారు. హిమోగ్లోబిన్ 6.8. ఆడవాళ్ళకి 12 కంటే తగ్గితేనే రక్తహీనత అంటారు, నాకు దాదాపు సగం ఉంది. లేడీ డాక్టరు నా చెయ్యి తీసుకుని గోళ్ళు చూసి, "ఐస్ నమలాలనిపిస్తుందా?" అని అడిగింది. బుజ్జీ, నేను ఏడ్చేశాను. ఆరు నెలలుగా నా ఒళ్ళు చెబుతున్నది ఆవిడ ఒక్క నిమిషంలో చదివేసింది. ఒంట్లో ఇనుము బాగా తగ్గినవాళ్ళలో కొందరికి ఐస్ మీద అలా యావ పుడుతుందట. ఊపిరితిత్తుల నుంచి ఆక్సిజన్‌ని పట్టుకుని కండరాలకి మోసేది హిమోగ్లోబిన్. అది తగ్గిపోతే ఆ లోటు పూడ్చడానికి గుండె పరుగులు తీస్తుంది. నేను సోమరితనం అనుకున్న ఆరు నెలలూ నా గుండె రాత్రీ పగలూ పరుగెత్తుతూనే ఉంది.

రెండు సీసాల రక్తం ఎక్కించారు. స్కానింగ్‌లో గర్భసంచిలో ఫైబ్రాయిడ్లు కనబడ్డాయి. క్యాన్సర్ కాని గడ్డలే, కానీ రక్తమంతా వాటి వల్లే పోయింది. వాటికి వైద్యం అయ్యింది, నెలల తరబడి ఇనుము మాత్రలు వేసుకున్నాను. హిమోగ్లోబిన్ మామూలుకి వచ్చాక కూడా మూడు నెలలు ఆపొద్దన్నారు, లోపల నిల్వలు నిండాలి కదా. ఒకరోజు ఏదో ఆలోచిస్తూ మెట్లెక్కి, మూడో అంతస్తులో నా కుర్చీలో కూర్చున్నాక గుర్తొచ్చింది, మధ్యలో ఎక్కడా ఆగలేదని.

ఆ డైరీ ఇంకా నా దగ్గరే ఉంది. "ఈరోజు కూడా ఓడిపోయాను", "సిగ్గులేదు నాకు", ఇలాంటివే పేజీల నిండా. ఇప్పుడు చదివితే ఎవరో జ్వరంతో ఉన్న పసిపిల్లని కొడుతున్నట్టు అనిపిస్తుంది. పడిపోయినందుకు నాకు బాధ లేదు. అంత అలసిపోయిన ఒంటితో అలా మాట్లాడినందుకే ఇప్పటికీ బాధ.

అందుకే నీ తొమ్మిదో మాట చూసి భయం వేసింది. నీకూ అదే అని నేననడం లేదు. మధ్యాహ్నానికే అలసిపోవడానికి కారణాలు చాలా ఉంటాయి. నిద్ర చాలకపోవచ్చు, థైరాయిడ్ కావచ్చు, షుగర్ కావచ్చు, మనసు కుంగిపోయి ఉండచ్చు. ఏదైనా సరే, ముందు అడిగి తెలుసుకో, తర్వాత పరుగెత్తు. రక్త పరీక్ష చేయించుకునేటప్పుడు హిమోగ్లోబిన్‌తో పాటు ఫెర్రిటిన్ కూడా రాయమని అడుగు. హిమోగ్లోబిన్ బాగానే కనబడుతున్నా లోపల ఇనుము నిల్వలు అడుగంటి ఉండచ్చు, అది ఫెర్రిటిన్‌లో తెలుస్తుంది. థైరాయిడ్ సంగతి చెప్పే టీఎస్‌హెచ్, రెండు మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ కూడా. గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్ పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నావా? 30 దాటిన ప్రతి ఆడపిల్లా చేయించుకోవాల్సింది అది, పదేళ్ళు ఆలస్యం చేసి ఉంటే ఇంకో వారం కూడా చెయ్యకు. ఇనుము మాత్రలు ఇస్తే మాత్రం టీ, కాఫీలతో కలిపి మింగకు, ఒంటికి పట్టదు. మలం నల్లగా వస్తుంది, కంగారు పడకు.

నెలసరి తేదీలు రాసుకో. ఏడు రోజులు దాటినా, గంటకో రెండు గంటలకో ప్యాడ్ మార్చాల్సి వచ్చినా, ఎవరు "మామూలే" అన్నా వినకు. నేనన్నా వినకు. ఇంకో కొన్నేళ్ళలో నీకూ నెలసరి గతి తప్పుతుంది. నిద్ర మధ్యలో తెలివొస్తుంది, ఒళ్ళు ఉన్నట్టుండి సెగలు కక్కుతుంది, కారణం లేకుండా కళ్ళనీళ్ళు వస్తాయి. మా అమ్మ ఇవన్నీ పడే ఉంటుంది, కానీ మాకు ఒక్క మాట చెప్పలేదు. వేసవి కాకపోయినా రాత్రిళ్ళు ఆవిడ వరండాలో ఒంటరిగా కూర్చోవడం నాకు గుర్తు. ఎందుకు కూర్చుందో మేమూ అడగలేదు. నీకు అలా అనిపించిన రాత్రి, టైమ్ ఎంతైనా సరే, నాకు ఫోన్ చెయ్యి.

పరుగు మానమని అనడం లేదు. రిపోర్టులు బాగుంటే మొదలుపెట్టు. నడుస్తూ మధ్యలో ఒక నిమిషం పరుగు, మళ్ళీ నడక, అలా పెంచుకో. ఊపిరి త్వరగా అలవాటు పడుతుంది, ఎముకలూ, కండని వాటికి పట్టి ఉంచే స్నాయువులూ అంత త్వరగా పడవు. "చెయ్యగలను కదా" అని మనసు చెప్పే రోజుల్లోనే మడమలూ మోకాళ్ళూ దెబ్బతింటాయి. పుట్టినరోజు నాటికి ఐదు కిలోమీటర్లే వస్తే ఐదే పరుగెత్తు. పది వచ్చే ఏడు చూసుకుందాం.

ఆరో మాట గురించి అనకూడదనుకున్నాను కానీ ఊరుకోలేకపోతున్నాను. "ముసలితనంలో ఎవరికీ భారం కాకూడదు" అని రాశావు. 40కే ఆ మాటేంటి తల్లీ? మీ అమ్మకి ప్రసవంలో నీరసం వచ్చి కళ్ళు మూతలు పడుతుంటే, నిన్ను మొదట ఎత్తుకున్నది నేను. రెండున్నర కిలోలు కూడా లేవు నువ్వు. తెల్లారేదాకా నా గుండె మీదే పడుకోబెట్టుకున్నాను, చెయ్యి తిమ్మిరెక్కినా కదల్లేదు. అప్పుడు నువ్వు నాకు భారం కాలేదు. ఆ మాట కూడా కొట్టెయ్.

తొమ్మిదో దాని చోట ఏం రాసుకుంటావో నీ ఇష్టం. సోమవారం పొద్దున పరగడుపున వెళ్ళి రక్తం ఇచ్చి రా. రిపోర్ట్ రాగానే ముందు నాకు పంపు, మీ అమ్మకి తర్వాత. పుట్టినరోజుకి నేను ముందు రోజే వచ్చేస్తాను. నీతో పరుగెత్తలేను కానీ, నువ్వు ఆగే చోట తువ్వాలు పట్టుకుని నిలబడతాను. మధ్యలో అలసిపోతే నడుచుకుంటూనే రా, ఎంతసేపైనా అక్కడే ఉంటాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ